దీవి స్టేషన్లో పిట్ట

"చెల్లెమ్మా, నువ్వు విన్న స్టేషన్ ఆ రోజు అసలు గాల్లోనే లేదు."

సెక్రటరీ ఈ మాట అనేసరికి ఆమె చేతిలోని కళ్ళద్దం సానచక్రం మీద కాస్త ఎక్కువ ఒరిగింది. అంచు చిట్లింది. ఆమె మెషిన్ ఆపేసింది.

"ఏ స్టేషన్?"

"ఇంకేది? దీవిది."

షాపు ఓనర్ వెనక గదిలోంచి తల బయటపెట్టాడు. "కస్టమరా?"

"కాదండీ, మా అన్నయ్య" అంది ఆమె. ఓనర్ తల లోపలికి పోయింది. సెక్రటరీ ఆమెకు ఏ వరసా కాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. మిగతా టైములో షార్ట్‌వేవ్ శ్రోతల క్లబ్బుకు కార్యదర్శి.

"లేకపోవడమేంటి? నేను విన్నాను కదా" అంది ఆమె గొంతు తగ్గించి.

"నువ్వు విన్నావు. వాళ్ళు చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు." అతను జేబులోంచి కాయితం తీశాడు. "మెయిన్ ట్రాన్స్‌మిటర్ మార్చడానికని, పోటీ ముందురోజే గాల్లో చెప్పి ప్రసారాలు ఆపేశారట. 'మీ శ్రోత అభిమానానికి కృతజ్ఞతలు, కార్డు మాత్రం పంపలేం' అని రాశారు."

"కృతజ్ఞతలు ఒకటి తక్కువైంది!"

క్లబ్బు పోటీ ఏడాదికొకసారి, శని ఆదివారాల్లో జరుగుతుంది. ఎవరింట్లో వాళ్ళు రేడియో ముందు కూర్చుని, దూరదేశాల స్టేషన్లు వీలైనన్ని పట్టాలి. ఏ మీటర్ మీద, ఏ టైముకి, ఏం విన్నారో రాసి ఆ స్టేషన్లకు పంపాలి. వాళ్ళు సరిచూసుకుని, "అవును, మీరు విన్నది మమ్మల్నే" అని బొమ్మల కార్డు పంపుతారు. భూమి ఉన్నవాడికి పట్టా ఎలాగో, షార్ట్‌వేవ్ శ్రోతకు ఆ కార్డు అలాగ. రెండేళ్ళుగా గెలుపు ఆమెదే. ఈసారీ ఆమే ముందుంది, కానీ ఒక్క దేశం తేడాతో. ఆ ఒక్కటే ఈ దీవి.

"రూలు నీకు తెలుసు" అన్నాడు సెక్రటరీ. "విననిది విన్నానని రాస్తే సభ్యత్వం రద్దు. పాత గెలుపులన్నీ రద్దు. మళ్ళీ క్లబ్బు గడప తొక్కడానికి లేదు. ఆ రూలు రాసింది మీ మామగారే. మార్చే దమ్ము నాకెక్కడిది?"

"నేను అబద్ధం రాశానని నువ్వూ అనుకుంటున్నావా, అన్నయ్యా?"

అతను కాయితాన్ని మడతల వెంటే మళ్ళీ మడిచాడు. "నేననుకుంటే ఇక్కడికొచ్చి ముందుగా చెప్పేవాణ్ణా? ఆదివారం పొద్దున మీటింగ్. ఏదైనా రుజువుంటే తెచ్చుకో."

"రికార్డింగ్ ఉంది."

సెక్రటరీ ముఖం విప్పారింది. "బతికించావు! అది వినిపిస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి."

అతను వెళ్ళాక ఆమె చిట్లిన అద్దాన్ని చెత్తబుట్టలో వేసి కొత్తది తీసుకుంది. షాపులో ఆమె ఏమన్నా ఓనర్ ఇంకోసారి కొలిచి చూసుకుంటాడు. ఇంట్లో ఏమన్నా మొగుడు "చూద్దాంలే" అంటాడు. క్లబ్బులో మాత్రం ఆమె వినపడిందంటే వినపడినట్టే. అక్కడ అందరూ ఆమెను పిలిచే పేరు పాముచెవి. లోకంలో తన మాట మరో సాక్ష్యం లేకుండా చెల్లే చోటు అదొక్కటే. ఇప్పుడు అదే పోయేలా ఉంది.

*

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి బెల్లు నొక్కింది. లోపల పిట్ట కూసింది. రెండు కూతలు మామూలుగా, మూడోది జలుబు చేసినట్టు సాగుతూ. సెల్ అయిపోవచ్చి చాలా కాలమైంది.

మొగుడు తలుపు తీశాడు. బేకరీలో తెల్లవారకముందే డ్యూటీ ఎక్కుతాడు కాబట్టి ఈ వేళకి ఇంట్లోనే ఉంటాడు. చెవుల వెనక ఇంకా పిండి ఉంది.

"ఆ సెల్ మార్చండని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చూద్దాంలే. పాపం, ముసలి పిట్ట, ఉండనీ."

బెల్లు డబ్బా మెట్ల దగ్గర, మేడ మీది గది గుమ్మం పక్కనే ఉంటుంది. ఆ గది మామగారిది. ఆయనకు వినపడాలని అక్కడ పెట్టించారు. అయినా వినపడదు. ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా జీవితమంతా గడిపారు. చెవిలో మోత, ఇంజన్ల రొద కలిసి సన్నటి శబ్దాలన్నిటినీ తినేశాయి. ఎదుట కూర్చుని గట్టిగా మాట్లాడితే అందుకుంటారు. బరువైన మగగొంతులు పర్వాలేదు. పిట్టలు, ఈలలు, ఆడపిల్లల నవ్వులు, షార్ట్‌వేవ్‌లో తేలి మునిగే సన్నటి స్వరాలు ఆయనకు లేనట్టే. ఏ ఓడకూ కెప్టెన్ కాకపోయినా అందరూ ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తారు. క్లబ్బు పెట్టింది ఆయనే. రేడియో వినడం కోడలికి నేర్పిందీ ఆయనే.

రేడియో ముందుగదిలో ఉంటుంది. దాని పైన గోడంతా కార్డులు. లైట్‌హౌస్‌లు, ఒంటెలు, మంచుకొండలు, ఎవరో రాజుగారి గుర్రం. మధ్యలో ఒక కార్డు పట్టేంత ఖాళీ. అది దీవి స్టేషన్‌కని కెప్టెన్ ఎప్పుడో వదిలిపెట్టిన చోటు. ఓడ మీద ఆ దీవి పక్కనుంచే వెళ్ళారు గాని, ఇంటి నుంచి ఎన్నడూ దాన్ని పట్టలేకపోయారు. ఆ పని కోడలు అందుకుంది. నాలుగేళ్ళుగా రేడియో ముల్లు ఆ స్టేషన్ మీద పెట్టి కూర్చుంటే వచ్చింది బుసబుసే. పోటీ ఆదివారం సాయంత్రం మాత్రం, అడగ్గానే వచ్చిన చుట్టంలా గొంతు వచ్చేసింది.

ఆమె జరిగిందంతా గట్టిగా, విడివిడిగా చెప్పింది. కెప్టెన్ టీ కప్పు నోటి దాకా తెచ్చి ఆపారు.

"మూసేశారా?" అన్నారు. "పోటీ ఆదివారం కూడానా?"

"అవును మామయ్యా. ముందురోజు గాల్లోనే చెప్పారట."

"గాల్లో చెబితే..." అని ఆగిపోయారు. కప్పు కింద పెట్టారు. "ఒక పని చెయ్యి అమ్మాయ్. పొరపాటు పడ్డాను, వేరే స్టేషన్ అనుకున్నాను అని రాసిచ్చెయ్. ఆ ఒక్కటీ కొట్టేస్తారు. అంతటితో పోతుంది."

"ఎందుకివ్వాలి? వాళ్ళ పేరు వాళ్ళే చెప్పుకున్నారు. పాట వేశారు. నా దగ్గర రికార్డింగ్ ఉంది."

"రికార్డింగులు నమ్మరు. గదిలో నానా గోల ఉంటుంది."

"గది గోల అందులో ఎందుకు పడుతుంది? రేడియోలోంచి వైరు నేరుగా రికార్డర్‌లోకే పెడతాను కదా. మీరు నేర్పిందేగా! గదిలో బాంబు పేలినా అందులో పడదు. గాల్లోంచి వచ్చిందే పడుతుంది."

కెప్టెన్ కర్ర కోసం చెయ్యి చాపారు.

మొగుడు రొట్టె ముక్క టీలో ముంచుతూ అన్నాడు. "మా ఇంట్లో ఇద్దరికీ ఎక్కడో సముద్రం అవతల మాట్లాడేది కావాలి. ఇక్కడ నేను మాట్లాడేది ఒక్కరికీ పట్టదు. ఆ రోజు కొరియర్ వాడు బెల్లు కొడుతుంటే, 'ఏమండీ, తలుపు' అని ఒక్క కేక వేసి మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది మహాతల్లి. నిద్రలోంచి లేచి వెళ్ళాను."

"అప్పుడే దీవి వస్తోందండీ! లేస్తానా?"

"లేవకపోతే ఏమైంది? ఇప్పుడు దీవీ లేదు, నా నిద్రా లేదు."

ఆమె నవ్వింది. కెప్టెన్ నవ్వలేదు. కర్ర తీసుకుని మేడ మెట్లెక్కారు. గుమ్మం దగ్గర ఆగి, "వినిపించకు అమ్మాయ్. నా మాట విను" అన్నారు.

మామగారు తనను నమ్మలేదని ఆమెకు అర్థమైంది. ఆయనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? వినిపించి తీరాలి అనుకుంది.

*

క్లబ్బు గది సైకిల్ షాపు పైన. కింద ఎవరో ట్యూబుకు గాలి కొడుతున్న చప్పుడు పైకి వస్తోంది. పొడవాటి బల్ల, రకరకాల కుర్చీలు, గోడకు కెప్టెన్ ఫోటో. ఆయన అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నారు. ఆమె పక్కనే. పదిమంది దాకా వచ్చారు. ఎదురుగా సోల్డర్.

అతను వైర్లు సీసంతో అతికించి రేడియోలు, టీవీలు బాగుచేస్తాడు, అందుకే క్లబ్బులో ఆ పేరు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది. అతని షాపు సరిగ్గా ఆమె ఇంటి వెనక వీధిలో. రెండేళ్ళుగా రెండో స్థానం అతనిదే.

"ఏమక్కా, పోయిన స్టేషన్లు కూడా పట్టేస్తున్నావట! మా తాతయ్య పోయి పదేళ్ళయింది, కాస్త ఆయన్ని కూడా పట్టిపెట్టవా?"

"పడతాను. కానీ ఆయన నీ గురించి ఏం చెబుతాడో అందరిముందూ వినాల్సొస్తుంది, సరేనా?"

గది నవ్వింది. సోల్డర్ కూడా నవ్వాడు. సెక్రటరీ బల్ల చరిచి, స్టేషన్ పంపిన జవాబు చదివి, రికార్డర్‌ను స్పీకర్‌కు తగిలించాడు.

బుసబుస. తర్వాత నెమ్మదైన మగగొంతు. స్టేషన్ పేరు చెప్పింది. సముద్రం గురించి ఏదో అంది. గిటార్ మీద పాట మొదలైంది. ఎవరూ కదల్లేదు. ఇంత స్పష్టంగా దీవి స్టేషన్‌ను ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

పాట మధ్యలో ఎక్కడో దూరంగా పిట్ట కూసింది. రెండు కూతలు మామూలుగా. మూడోది సాగుతూ.

"వాళ్ళ స్టూడియోలో పిట్టలు కూడానా!" అన్నారెవరో.

"దీవి పిట్ట కదా, కూయడానికి కూడా బద్ధకమే."

మళ్ళీ నవ్వులు. ఆమె నవ్వలేదు.

ఆ పిట్టను ఆమె రోజూ నొక్కుతుంది.

గదిలోని శబ్దం రికార్డర్‌లో పడదు. గాల్లోంచి వచ్చిందే పడుతుంది. అంటే పిట్ట గాల్లోంచే వచ్చింది. ఆ గొంతును గాల్లోకి పంపిన మైకు ముందే పిట్ట కూసింది. ఆ పిట్ట కూసేది మేడ మెట్ల దగ్గర, ఒకే ఒక గుమ్మం పక్కన.

ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పింది. కెప్టెన్ స్పీకర్ వైపు చెవి ఒగ్గి వింటున్నారు. పాట వింటున్నారు. పిట్టను వినలేదు. వినలేరు. విని ఉంటే ఆ రోజే ఆపేసి ఉండేవారు.

"ఆపండి" అన్నాడు సోల్డర్. ఇప్పుడతని ముఖంలో నవ్వు లేదు. "ఫేడింగ్ ఏది?"

"ఏంటి?" అన్నాడు సెక్రటరీ.

"ఏంటంటావేంటి? అంత దూరం నుంచి ఆకాశానికి కొట్టుకుని వచ్చే గొంతు తేలాలి, మునగాలి. ఉయ్యాల ఊగినట్టుండాలి. ఇది గోడకు మేకు కొట్టినట్టు కదలకుండా ఉంది. ఇది దీవి కాదు. మన వీధుల్లోంచే వచ్చింది. ఎవరో టేపు పెట్టి చిన్న ట్రాన్స్‌మిటర్‌తో వదిలారు."

అందరికీ చెవులున్నాయి. చెప్పాక అందరికీ వినపడింది.

"అంటే చెల్లెమ్మ అబద్ధమాడలేదు" అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా. "కల్పించి చేసేదైతే ఫేడింగ్ కూడా కల్పించేది. ఆమె విన్నది విన్నట్టు తెచ్చింది. మోసం చేసింది వేరేవాళ్ళు."

"అదే కదా నేననేది."

"చిన్న ట్రాన్స్‌మిటర్ అన్నావు. మనలో అలాంటిది ఎవరి దగ్గరుంది?"

అందరూ సోల్డర్ జేబులోని స్క్రూడ్రైవర్ వైపు చూశారు.

"ఓయ్! రేడియోలు ట్యూన్ చెయ్యడానికి చిన్న సిగ్నల్ వదిలే ఆసిలేటర్ ఉంది. షాపన్నాక ఉండదా?"

"నీ షాపు వాళ్ళింటి వెనకే."

"అయితే?"

"ఒక్క దేశం తేడాతో ఓడిపోయేది నువ్వే. ఆమె లేకపోతే గెలిచేదీ నువ్వే."

"నేను చేస్తే ఫేడింగ్ లేదని నేనే ఎందుకు చెబుతాను? నాకేమైనా పిచ్చా?"

"ఎవరో ఒకరు చెబుతారని ముందే చెప్పావు. దొంగే 'దొంగ, దొంగ' అని అరిచినట్టు."

మూల కూర్చున్న పంతులమ్మ ఇన్నాళ్ళూ అతని దగ్గరే రేడియో బాగుచేయించుకుంది. ఆవిడ కూడా అంది, "ఛీ, ఇలాంటి పనా బాబూ?"

సోల్డర్ లేచి నిలబడ్డాడు. వెక్కిరింతలకు ఎన్నడూ మాట వెతుక్కోనివాడు, నిజం చెప్పడానికి వెతుక్కుంటున్నాడు.

"చేతులెత్తండి" అన్నాడు సెక్రటరీ. "లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం అసలే నేరం. బయటకు పొక్కితే క్లబ్బుకే తాళం పడుతుంది. సభ్యత్వం రద్దుకు ఎవరెవరు ఒప్పుకుంటారు?"

ఆమె ఊరుకుంటే చాలు. ఆమె పేరు కడిగిన ముత్యంలా ఉంది. మామగారి పేరూ అలాగే ఉంది. పోయేది సోల్డర్ ఒక్కడే.

మామగారితో మాట్లాడాలి. చెవిటివాడి చెవిలో రహస్యం చెప్పడమెలా? గుసగుస ఆయనకు చేరదు. చేరేలా చెబితే కింద సైకిల్ షాపుకు కూడా వినపడుతుంది.

ఆమె కుర్చీ చేతి మీదున్న ఆయన మణికట్టు మీద వేలు పెట్టింది. కొట్టడం మొదలుపెట్టింది. పొట్టి, పొడుగు, పొడుగు, పొట్టి. ఓడ భాష, మోర్స్. ఇంట్లో మొగుడికి తెలియకుండా అతని మీద జోకులు వేసుకోవడానికి ఆయనే నేర్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

పిట్ట, అని కొట్టింది. టేపులో మన బెల్లు.

ఆయన చెయ్యి బిగుసుకుంది. తర్వాత ఆయన చూపుడువేలు కుర్చీ చెక్క మీద కదిలింది.

నాకు వినపడలేదు.

తెలుసు.

నీ పేరు నిలబడింది. ఊరుకో.

అతని పేరు పోతోంది.

చేతులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పంతులమ్మ చెయ్యి లేచింది.

క్లబ్బు నేను పెట్టాను, అని కొట్టారాయన. ఒక అక్షరం రెండుసార్లు పడింది.

రూలూ మీరే రాశారు. మీరు చెబుతారా, నేను చెప్పనా?

"అక్కా" అన్నాడు సోల్డర్. అతను ఆమె వేలినే చూస్తున్నాడు. మోర్స్ అతనికీ వచ్చు. కెప్టెన్ శిష్యుల్లో అతనూ ఒకడు. ఆ దూరం నుంచి ఎంత అందిందో గాని, అందినంతకే అతని ముఖం మారింది. "ఆ చేతి మీద కొట్టేదేదో బల్ల మీద కొట్టు. నేనూ వింటాను. నా సభ్యత్వం పోయేలోపు వినే హక్కుంది కదా?"

ఆమె బల్ల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి మీద కెప్టెన్ చెయ్యి వచ్చి పడింది. ఆయన లేచారు.

"చేతులు దించండి" అన్నారు. చెవిటివాళ్ళ గొంతు, గదికి సరిపోయేదానికన్నా పెద్దది. "ఆ పిట్ట మా ఇంటి కాలింగ్ బెల్లు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పారు. ఓడ నుంచి తెచ్చుకున్న పాత చేతి మైకు. తనే అతికించుకున్న చిన్న ట్రాన్స్‌మిటర్. దీవి స్టేషన్‌వాళ్ళు ఒకప్పుడు రేవులో ఓడవాళ్ళకు పంచిన క్యాసెట్. టేపు రికార్డర్‌ను మైకు ముందు పెట్టి వదిలారు. అప్పుడే బెల్లు మోగింది. అది తనకు వినపడలేదు. ప్రసారాలు ఆపేస్తున్నట్టు ముందురోజు చేసిన ప్రకటనా వినపడలేదు.

"ఎందుకు?" అన్నాడు సెక్రటరీ. అతని గొంతు పీలగా ఉంది. కెప్టెన్ అతని పెదవులు చూసి అర్థం చేసుకున్నారు.

"నాలుగేళ్ళు అదే చోట ముల్లు పెట్టి కూర్చుంది. రోజూ ఆ ముఖం చూశాను. నాకెలాగూ వినపడదు, దానికైనా వినపడనీ అనుకున్నాను." సోల్డర్ వైపు తిరిగారు. "నీ చెవి మంచిదిరా. ఫేడింగ్ సంగతి నేను మర్చిపోయాను. వినక చాలా కాలమైంది."

సోల్డర్ కుర్చీలో కూలబడ్డాడు. "గురువుగారూ, ఇంకాసేపు ఆగుంటే నన్ను ఉరి తీసేవాళ్ళు."

"ఆగుదామనే అనుకున్నాను" అన్నారు కెప్టెన్. "కోడలు ఆగనివ్వలేదు."

ఓటింగ్ అక్కర్లేదు, క్లబ్బు నుంచి తనే తప్పుకుంటున్నానన్నారు. రూలు రూలే. కర్ర కొనతో గోడ మీది తన ఫోటోను పైకెత్తి, రెండో చేత్తో అందుకుని చంకలో పెట్టుకున్నారు. సెక్రటరీ మేకు పీకబోతే వద్దన్నారు. "ఉంచు. కేలండర్‌కు పనికొస్తుంది."

దీవి ఆమె లెక్కలోంచి పోయింది. ఇద్దరికీ సమానమైంది. దేశాలు సమానమైతే క్లబ్బుకు జాబితా ముందు ఎవరు పంపారో చూస్తారు. సోల్డర్ ముందు పంపాడు. కప్పు అతనిదైంది.

*

ఇంటికి నడుస్తూ ఆమె ఒక్క మాటే అంది. అదీ వీధిలో వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

"మీరు నాకిచ్చింది స్టేషన్ కాదు మామయ్యా. మచ్చ."

ఆయన తలూపారు. తర్వాత చాలా రోజులు ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. టీ, మందులు, లైటు ఆపు. మొగుడు మధ్యలో తిరిగి తిరిగి విసిగిపోయాడు. "ఇద్దరూ కలిసి నా మీద జోకులు వేసుకునేవాళ్ళే నయం" అన్నాడు. ట్రాన్స్‌మిటర్‌ను సోల్డర్ వచ్చి పట్టుకుపోయి, ముక్కలు చేసి విడిభాగాల డబ్బాల్లో వేశాడు. పోతూ పోతూ ఆమెతో, "కప్పు మా ఇంట్లో చిల్లర వేసుకోడానికి బాగుంది. వచ్చే ఏడాది వచ్చి తీసుకెళ్ళు, చేతనైతే" అన్నాడు.

దీవి స్టేషన్ మళ్ళీ గాల్లోకి వచ్చిందన్న కబురు కూడా అతనే తెచ్చాడు. "కొత్త ట్రాన్స్‌మిటరట. పాతదాని కంటే పెద్దది. ముల్లు ఎక్కడ పెట్టాలో నీకు నేను చెప్పాలా?"

ఆ రోజు సాయంత్రం రాలేదు. మర్నాడూ లేదు. ఆ వారం చివర్లో, ఆకాశం ఇంకా ఎర్రగా ఉండగా, బుసబుస వెనక ఏదో కదిలింది. ఆమె హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులా అదుముకుంది. మనిషి గొంతు. పైకి తేలింది. స్టేషన్ పేరులో సగం చెప్పి మునిగిపోయింది. మళ్ళీ తేలింది.

ఆమె రికార్డర్ నొక్కి, అటు తిరిగింది. కెప్టెన్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. రేడియో దగ్గరకు రావడం ఆయన మానేశారు.

"మామయ్యా, చెయ్యి!"

ఆయనకు ఏం వినపడిందో గాని, వచ్చి పక్కన కూర్చుని మణికట్టు చాపారు. ఆమె కొట్టడం మొదలుపెట్టింది. అర్థమైన మాటలు మాటలుగా, కానివి కానట్టుగా. వాతావరణం. చేపల పడవలు. ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు. గొంతు తేలినప్పుడు వేలు గట్టిగా పడింది. మునిగినప్పుడు ఆనీ ఆననట్టు పడింది. పూర్తిగా మునిగినప్పుడు ఆగింది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, "ఫేడింగ్ బాగా ఉంది" అన్నారు.

అప్పుడే బెల్లు మోగింది. మూడు కూతలూ గలగలా. మొగుడు ఆ పొద్దున్నే ఎవరూ అడక్కుండా సెల్ మార్చాడు. ఇప్పుడు అతనే లేచి వెళ్ళి తలుపు తీశాడు, సణుక్కుంటూ.

స్టేషన్ మునిగిపోయాక ఆమె రికార్డింగ్‌ను వెనక్కి తిప్పి మొదటి నుంచి చివరి దాకా వింది. చేపల పడవలను వినలేదు. పుట్టినరోజును వినలేదు. పిట్ట కోసం వింది. ఎక్కడా లేదు. అప్పుడు రిపోర్టు రాయడానికి కూర్చుంది. కింద తన పేరు రాసి, ఒక వరస చేర్చింది. "నాతోపాటు మా మామగారు కూడా మణికట్టుతో విన్నారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆయనకో కార్డు."

చాలా రోజుల తర్వాత కవరొచ్చింది. లోపల రెండు కార్డులు. తాటిచెట్టు, తెల్లటి టవర్, నీలం సముద్రం. ఒకదాని వెనక ఆమె పేరు. రెండోదాని వెనక, పేరుండాల్సిన చోట, "మణికట్టుతో విన్నవారికి" అని ఆ దేశపు చేతిరాత.

కెప్టెన్ రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. గోడ మీది ఖాళీలో ఆమె కార్డు అంటించారు. తన కార్డును మాత్రం మేడ మీదికి తీసుకెళ్ళారు.

"గోడకు పెట్టరా మామయ్యా?"

"ఇంకోసారి పట్టు" అన్నారు మెట్ల మీంచి. "పూర్తిగా వింటాను. అప్పుడు పెడదాం."